ఆడిటర్ ముందు నా బట్టీ

ప్రియదర్శిని మేడమ్ అంటే నాకు కడుపుమంట. దాచుకోను. డిప్లొమా చదివి ఆరు నెలల కిందట మా ఫౌండ్రీలో అడుగుపెట్టింది. అప్పటినుంచి సేటు జగన్‌మోహన్‌కు ఆమె చెప్పిందే వేదం. జహీరాబాద్ ట్రాక్టర్లకు వెళ్ళే భాగాలకోసం పంతొమ్మిదేళ్ళుగా ఇనుము కరిగిస్తున్న ఈ ఈరయ్యను ఒక్క మాటైనా అడగరు.

ఆమె తెచ్చిన కబురు ఇది. బొగ్గు బట్టీ తీసేసి కరెంటు బట్టీ పెట్టుకునేవాళ్ళకు సర్కారు సాయం చేస్తుందట. ముందు ఆడిటర్ వచ్చి, టన్ను ఇనుముకు మేం ఎంత బొగ్గు కాలుస్తున్నామో తూచి రాసుకుంటాడు. కరెంటు పుట్టే చోట వచ్చే పొగ కూడా లెక్కలోకి వస్తుంది. అన్నీ చూశాక పొగ కనీసం మూడో వంతు తగ్గుతుందని తేలితేనే సాయం. అది వస్తే కొత్త బట్టీ ఆమెది. మరి నేనెక్కడికి పోవాలి?

"ఈరయ్యన్నా, రేపు ఆడిటర్ సార్ వస్తున్నడు. రోజూ ఎట్ల నడుపుతరో గట్లనే నడుపుండ్రి," అని చెప్పింది.

ఒళ్ళు మండిపోయింది. నిన్నగాక మొన్న వచ్చింది, బట్టీ నడపడం నాకు చెప్తుందా! ఈరయ్య అంటే ఏమిటో చూపించాలనుకున్నాను.

మామూలు రోజుల్లో మేం బొగ్గు తూచం. తట్టలతో గుమ్మరిస్తాం. వేడి చాలలేదనిపిస్తే ఇంకో రెండు తట్టలు వేస్తాం. ఆ రోజు మాత్రం పొద్దున్నే వెళ్ళి బొగ్గును ఒకే సైజు ముక్కలుగా ఏరించాను. దుమ్ము జల్లించాను. తుక్కు ఇనుముకు అంటిన మట్టి గీకించాను. గాలి గొట్టంలో ఎన్నేళ్ళుగానో ఉన్న చీలిక మూయించాను. ఒక్క తట్ట కూడా ఎక్కువ పడనివ్వలేదు.

ఆడిటర్ తూకం చూసి నోరు వెళ్ళబెట్టాడు. "ఇంత తక్కువ బొగ్గుతోని కరిగిచ్చే బట్టీ నేనైతే యాడా చూడలే," అన్నాడు. మేడమ్ ముఖం మాడిపోయింది. ఆ మధ్యాహ్నం నేను రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాను.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. మా బట్టీ ఇప్పటికే తక్కువ బొగ్గు కాలుస్తోంది, తగ్గే పొగ మూడో వంతు లేదు కాబట్టి సాయం లేదట. నా ఆనందం ఆగలేదు.

సేటు నన్ను పిలిచాడు. మేడమ్ అక్కడే ఉంది.

"ఆ దినం నడిపినట్టు నడిపితే నెలకు రెండు లారీల బొగ్గు చాలు. మనకు మూడు వస్తున్నయి. పంతొమ్మిదేండ్ల సంది ఆ మూడో లారీ ఎటు పోయింది ఈరయ్యా?"

"నేనేం దొంగతనం చేయలే సేట్. బట్టీలనే కాలింది."

"గదే అడుగుతున్న. ఎందుకు కాలింది?"

తల కొట్టేసినట్టయింది.

"అన్నను అనకుండ్రి సార్," అంది మేడమ్. "తూచే మనిషి లేకుండె. ఉంటే రోజూ గట్లనే నడుపుతడు."

ఆమె నన్ను వెనకేసుకొచ్చింది. సేటు నిలదీసినదానికన్నా అదే ఎక్కువ మండింది.

మర్నాడు బట్టీ పక్కన కాటా పెట్టి, తూచే పని మేడమ్‌కు అప్పగించారు. నా బట్టీ నాకే మిగిలింది. కానీ ఇప్పుడు అందులో తట్టెడు బొగ్గు పోయాలన్నా ఆమె సరే అనేదాకా నిలబడాలి.