తువ్వాలు రెండో కొస

కుర్చీలన్నీ గోడవారకు జరిపి, రబ్బరు చాపలు పరిచి, మలుపుల దగ్గర ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలు పెడుతోంది పెద్దక్క. వంగినప్పుడల్లా కుడి మోకాలు కటుక్కుమంటోంది. ఆ చప్పుడు పైకి వినపడకుండా గొంతు సవరించుకుంటోంది. హాల్లో ఇంకా ఎవరూ లేరు. అయినా అలవాటైపోయింది.

పుట్టుకతోనే ఎదుగుదలలో తేడా వచ్చి, అలాగే పెద్దవాళ్ళైన వారు పగలు వచ్చి గడిపే కేంద్రం అది. ఆడిస్తారు, నడిపిస్తారు, చేతనైన పని నేర్పుతారు. పెద్దక్క మొదట ఊడ్చే పనికి చేరింది. ఒకనాడు ఒకరి చెయ్యి పట్టుకుని, ఇంకోనాడు ఒకరి చెప్పు సరిచేసి, అలా అలా వ్యాయామం హాలు మనిషైపోయింది. భర్త పోయినప్పుడు తప్ప నాగా పెట్టింది లేదు. ఆ పనికి పేరేమిటో ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

ఈ రోజుతో అదీ ఆఖరు. మోకాలు అరిగిపోయింది, నిలబడి చేసే పని మానెయ్యమని డాక్టరు తేల్చేశాడు. రేపు కూతురి దగ్గరికి ప్రయాణం. “అందరినీ నడిపించి నేనే కూలబడ్డాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని,” అని ఫోనులో కూతురితో నవ్వింది. ఫోను పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు. దొరగారి సంగతి ఇంకా తేలలేదు.

దొరగారంటే ముప్పై దాటిన భారీ మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, తనకు బుద్ధి పుట్టినప్పుడే కదులుతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. మాట అరుదు. వచ్చినా ఎప్పుడో విన్న మాటే తిరిగి వస్తుంది. వేసుకునే మందులకు ఒళ్ళు పెరిగింది, ఒంటికి షుగరు పట్టింది. నడకే ఇతనికి సగం మందు అన్నారు వైద్యులు. కానీ ఎవరైనా చెయ్యి తగిలిస్తే చాలు, నేల మీద చతికిలబడి తన మణికట్టు తనే కొరుక్కుంటాడు. కొత్తలో తెలియక పట్టుకున్నందుకు పెద్దక్క చేతి మీద కూడా ఆ పళ్ళ గుర్తు ఉంది.

ఒకరోజు ఆవిడ భుజం మీంచి తువ్వాలు జారింది. దాని కొస అతను పట్టుకున్నాడు, ఉడుంపట్టు. రెండో కొస పట్టుకుని ఆవిడ ఒక అడుగు వేసింది, అతనూ వేశాడు. అప్పటి నుంచి అదే పద్ధతి. పట్టు జారకుండా అతని కొసకు ముడి వేసింది. బయలుదేరేముందు ఆ ముడి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు, ఆ తరవాతే కదులుతాడు. నడక అయ్యాక ఆవిడ అదే తువ్వాలుతో, చెయ్యి తగలనీయకుండా, అతని మొహం తుడిచి “అయింది, ఇక కూర్చో” అంటుంది. అప్పటిదాకా కూర్చోడు.

కొన్నాళ్ళుగా రెండో కొస, ఆవిడ పని అందుకోవడానికి వచ్చిన కొత్త మాస్టారికి అప్పగించాలని చూస్తున్నారు. మాస్టారు పట్టుకోగానే దొరగారు ముడి వదిలేసి కూలబడుతున్నాడు. కేంద్రం చూసుకునే మేడమ్ చెడ్డ మనిషేం కాదు. ఉన్న నలుగురితో అందరినీ నెట్టుకురావాలి ఆవిడ. “రేపు భోజనాల గంటలోపు మాస్టారితో నడిస్తే సరే. లేకపోతే కింది గదికి మార్చక తప్పదు పెద్దక్కా, నన్ను తిట్టుకోవద్దు,” అంది నిన్న.

కింది గదిలో నడవనివాళ్ళు టీవీ ముందు కూర్చుంటారు. తప్పెట వినపడితే గిరగిరా తిరిగే అమ్మాయి ఒకతి, జ్వరం తగ్గేవరకని అక్కడికి వెళ్ళింది. జ్వరం తగ్గింది గానీ అమ్మాయి మళ్ళీ మెట్లెక్కి రాలేదు. ఇప్పుడు చక్రాల కుర్చీలో తిప్పుతున్నారు.

ఇంతలో దొరగారిని వాళ్ళ చెల్లెలు తీసుకొచ్చింది. ఆ పిల్ల కళ్ళు చూస్తే రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తోంది. మాస్టారు కిటికీ దగ్గర ముళ్ళ మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు. పెద్దక్క తువ్వాలు తీసి ముడి అందించింది. దొరగారు వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. విసిరి అవతల పారేసి, నేల మీద కూలబడి మణికట్టు నోట్లో పెట్టుకున్నాడు.

తువ్వాలు పట్టాక ఇన్నాళ్ళలో పెద్దక్కతో అతను ఎప్పుడూ ఇలా చెయ్యలేదు.

మాస్టారు వెళ్ళి తువ్వాలు తీసి వాసన చూశాడు.

“పెద్దక్కా, దీన్ని ఉతికారా?”

“అప్పగించే వస్తువు కదా బాబూ. మురికిది ఎలా ఇస్తానని... మా ఇంట్లో ఉన్న వాసన సబ్బు పెట్టి ఉతికాను.” చెబుతుండగానే అర్థమైంది ఆవిడకు. ఇన్నేళ్ళూ ఇక్కడి కుళాయి కింద జాడించి ఆరేయడమే గానీ సబ్బు పెట్టింది లేదు. “మంచికి పోతే చెడు ఎదురైంది,” అని నెత్తి కొట్టుకుంది.

“ఇప్పుడెలా?” అంది చెల్లెలు.

“ఫాను ఆపు, బాబూ.”

తువ్వాలు మెడకు చుట్టుకుని పెద్దక్క నడవడం మొదలుపెట్టింది. హాలు చుట్టూ, గోడవారగా. ఎండ కిటికీల్లోంచి చాపల మీదికి పాకింది. ముందు నుదురు చెమర్చింది, తరవాత మెడ, తరవాత వీపు. మోకాలు ఇప్పుడు దాచినా దాగడం లేదు. ఒక కాలు వేసి రెండోది ఈడుస్తోంది.

“చాలు పెద్దక్కా, కాలు చూసుకో,” అంది చెల్లెలు.

“నువ్వు ఊరుకో అమ్మా. ఇంకా సబ్బే గుప్పుమంటోంది.”

వంటగదిలో పళ్ళేలు తీస్తున్న చప్పుడు. గంట కొట్టే వేళయింది. దొరగారు మణికట్టు నోట్లోంచి తీసి, ఆవిడ ఈడుస్తున్న కాలినే చూస్తున్నాడు.

తడిసి ముద్దైన తువ్వాలు తెచ్చి పెద్దక్క ముడి అందించింది. అతను వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. లేచాడు. ఆవిడ ముందు అడుగు వేసింది, అతనూ వేశాడు. తరవాతి అడుగుకు మోకాలు మడతపడింది. ఆవిడ గోడ పట్టుకుంది. ఇక తన వల్ల కాదని తెలిసి, తన కొసను మాస్టారి చేతిలో పెట్టింది.

తువ్వాలు వదులైంది. దొరగారు తిరిగి చూశాడు. అవతల ఉన్నది ఆవిడ చెయ్యి కాదు. చెల్లెలు కళ్ళు మూసుకుంది.

అతను కూలబడలేదు. మాస్టారి చేతిలోంచి తువ్వాలు మొత్తం లాక్కున్నాడు. గోడకు ఆనుకున్న పెద్దక్క దగ్గరికి వచ్చాడు. ఎవరి మొహమూ చూడని మనిషి, ఆవిడ మొహం మీద తువ్వాలు అడ్డదిడ్డంగా అద్ది, చెయ్యి మాత్రం తగలనీయకుండా తుడిచాడు.

“అయింది, ఇక కూర్చో,” అన్నాడు.

ఆవిడ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. తువ్వాలు ఆవిడ ఒళ్ళో పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, వెళ్ళి మాస్టారికి కొంచెం ఎడంగా నిలబడ్డాడు. మాస్టారు తెలివైనవాడు. చెయ్యి చాపలేదు, మాట్లాడలేదు. తనూ చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచాడు. దొరగారు వెనకే కదిలాడు. మొదటి ఎర్ర డబ్బా దగ్గర ఇద్దరూ మలుపు తిరిగారు. గంట మోగింది. అతను ఆగలేదు. గుమ్మంలోకి వచ్చిన మేడమ్ చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

పెద్దక్కకు సంతోషంగానే ఉంది. ఏడుపూ వస్తోంది. తను లేకుండా నడవాలనే కదా ఇన్ని తంటాలు పడింది. తను వెళ్ళడం చూస్తే అతను ఆగిపోతాడేమో. వాళ్ళిద్దరూ హాలు ఆ చివర, వీపు ఇటు పెట్టి నడుస్తున్నప్పుడు లేచి, ఒళ్ళోని తువ్వాలు కుర్చీ వీపు మీద వేసింది. చెల్లెలి తల నిమిరింది.

“భోజనాలయ్యాక నీకు దండ వేద్దామనుకున్నారు అక్కా.”

“దండలు ఫొటోలకు వేస్తారమ్మా. నాకు బస్సుంది.”

బస్సు రేపు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గోడ పట్టుకుంటూ వంటగది తలుపులోంచి బయటికి నడిచింది.

భోజనాల తరవాత మాస్టారు కుర్చీలన్నీ మళ్ళీ వరసలో పెట్టాడు. ఒక్క కుర్చీని మాత్రం గోడ దగ్గరే వదిలేశాడు. దాని వీపు మీద తువ్వాలు చెమట ఆరి అట్టకట్టింది. కొసకున్న ముడి ఎవరూ విప్పలేదు.