నాలుగడుగుల దూరంలో పికిలిపిట్ట

ఆ ప్రెస్సులో ఆయన్ని అందరూ పిట్టల మేస్త్రి అంటారు. చేసేది కాగితాలు కోసే మిషను మీద పని, పిచ్చి మాత్రం పిట్టల ఫొటోలు. పిచ్చంటే అలాంటిలాంటి పిచ్చి కాదు లెండి. సెకండ్ హ్యాండులో కొన్న కెమెరా, దాని బ్యాటరీ మూత ఊడిపోకుండా ఒక రబ్బరు బ్యాండు, ఎంత లాగినా పది గజాల అవతలి పిట్టను చీమంత చేసి చూపించే లెన్సు. దాన్ని మెడలో వేసుకుని తొమ్మిదేళ్లుగా తిరుగుతున్నాడు మహానుభావుడు.

ప్రెస్సు ఓనరు ఏటా కస్టమర్లకి పంచడానికి క్యాలెండరు వేయిస్తాడు. దాని మీద తను తీసిన పిట్ట ఉండాలి, కింద మూలన చిన్న అక్షరాల్లో తన పేరుండాలి. ఇంతే మేస్త్రి కోరిక. ఏటా ఫొటోలు పట్టుకెళ్లేవాడు. ఓనరు వాటిని కంప్యూటరులో పెద్దవి చేసి, "చూడు మేస్త్రీ, ఇందులో పిట్టేది, కొమ్మేది? అన్నీ చుక్కలే. దగ్గర్నుంచి తీసుకురావయ్యా, తప్పకుండా వేస్తాను" అనేవాడు.

దగ్గర్నుంచట! పిట్ట ఏమన్నా చుట్టమా, పిలిస్తే వచ్చి ఎదురుగా కూర్చోడానికి?

ఈ ఏడు మాత్రం ఒక దారి దొరికింది. ప్రెస్సు వెనక పాత ఇనుప సామాను పడేసే చోట, గుబురు పొదలో పికిలిపిట్టల జంట గూడు కట్టడం మొదలుపెట్టింది. మేస్త్రి రోజూ డ్యూటీకి గంట ముందే వచ్చేవాడు. ఒంటి మీద అదే నీలం కోటు, కింద అదే స్టూలు. మొదటి రోజు ఇరవై అడుగుల దూరంలో కూర్చున్నాడు. మర్నాడు స్టూలు ఒక్క అడుగు ముందుకు జరిపాడు. పిట్ట గోల పెట్టిందంటే ఆ రోజుకి మళ్లీ వెనక్కే. దోమలు పీక్కుతిన్నా కదల్లేదు, కెమెరా జోలికే పోలేదు. ఒకరోజు కోటు ఉతుకుడుకి పడితే చొక్కాతో వెళ్లాడు. పిట్ట చూసీ చూడగానే ఎగిరిపోయింది. అది నమ్మేది కోటునని ఆయనకప్పుడు తెలిసింది. ఆ తర్వాత భార్యని కోటు ముట్టుకోనివ్వలేదు.

"కంపు కొడుతోందండీ బాబూ! గుమ్మం బయట తగిలించండి," అనేది ఆవిడ.

"కొట్టనీవే. దానికి నేనంటే ఆ కోటే," అనేవాడు.

మూడు వారాలు దాటాక స్టూలు నాలుగడుగుల దూరానికి చేరింది. అప్పటికి గూట్లో మూడు పిల్లలు. తల్లి ముక్కున పురుగు పట్టుకుని వచ్చి, 'ఓహో, నువ్వా' అన్నట్టు ఈయన వంక ఒకసారి చూసి, పిల్లల నోట్లో పెట్టేది. మేస్త్రికి కళ్లు చెమర్చేవి. ఇన్నేళ్లలో ఏ మనిషీ ఆయన్ని అంతగా నమ్మిన పాపాన పోలేదు మరి.

రేపు ఫొటో తీద్దామనుకునేసరికి ఓనరు అర్జెంటు ఆర్డరొకటి నెత్తిన పెట్టాడు. తెల్లారేసరికి మిషను దగ్గరుండాలి, సాయంత్రం దాకా కదలడానికి లేదు. క్యాలెండరు ఫొటోకి కూడా ఆ రోజే ఆఖరు. మేస్త్రి ప్రాణం ఉసూరుమంది.

"మా తమ్ముణ్ని పంపిస్తే పోలా?" అంది భార్య.

బావమరిది పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. మంచివాడే, బావంటే ప్రాణం పెడతాడు. కాకపోతే కుర్చీ అడ్డమొస్తే కుర్చీని, తాతగారు అడ్డమొస్తే తాతగారిని పక్కకి జరిపి ఫొటో తీసే రకం.

"ఏరా, ఏదీ ముట్టుకోకూడదు. ఈ కోటు వేసుకో, నా స్టూలు మీద కూర్చో, నా కెమెరాతో బటన్ నొక్కు. అంతే," అన్నాడు మేస్త్రి.

"అలాగేలే బావా. ఫొటో కింద నీ పేరే ఉంటుంది, ఒట్టు!"

మేస్త్రి కోటు తనే తొడిగాడు. నవ్వుతూ బొత్తాలు కూడా తనే పెట్టాడు.

మర్నాడు సాయంత్రం పని తెమలగానే పొద దగ్గరికి పరుగెత్తాడు. గూటికి ముందూ పైనా ఉన్న కొమ్మలన్నీ కత్తెరతో నున్నగా కత్తిరించి ఉన్నాయి. దారిన పోయే ప్రతివాడి కంటా పడేట్టుంది గూడు. లోపల ఏమీ లేదు. అంచున కాస్త నెత్తురు. గోడ మీద రెండు కాకులు తీరిగ్గా ముక్కులు రుద్దుకుంటున్నాయి.

ఫోను చేస్తే బావమరిది నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, కాకులా? నాలుగాకులే కదా బావా తీసింది! నీడ మొహం మీద పడుతుంటే ఏం చెయ్యను? నీ కోటు మహిమేమో గానీ, కత్తెర ఆడిస్తున్నా తల్లి బెదరలేదు తెలుసా! నా కెమెరాతోనే తీశాలే. ఓనరుగారు ఎగిరి గంతేశారు. నీ పేరే చెప్పా."

తిట్టడానికి నోరు తెరిచాడు మేస్త్రి. ఎవర్ని తిట్టాలి? బొత్తాలు పెట్టిందెవరు?

ఓనరు దగ్గరికెళ్లి ఆ ఫొటో వద్దన్నాడు. "తొమ్మిదేళ్లు నా ప్రాణం తోడేసి, ఇప్పుడు వద్దంటావా? అచ్చు ప్లేట్లు కూడా చేసేశారు, పోవయ్యా!" అన్నాడు ఓనరు. మర్నాడు పొద్దున్నే మేస్త్రి, బావమరిది తిరిగిచ్చిన కోటు వేసుకుని పొద వైపు వెళ్లాడు. ఇరవై అడుగుల దూరంలో ఉండగానే తల్లిపిట్ట గోలగోలగా అరిచి ఎగిరిపోయింది. మళ్లీ రాలేదు.

వారం తిరిగేసరికి అచ్చయిన క్యాలెండర్లు అంచులు కోయడానికి ఆయన మిషను మీదికే వచ్చాయి. ఫొటో అద్దంలా ఉంది. ప్రతి ఈకా లెక్కపెట్టుకోవచ్చు. మూడు ఎర్రటి నోళ్లు, ముక్కున పురుగుతో తల్లి. బెదురన్నది లేకుండా నేరుగా ఇటే చూస్తోంది.

"ఎంత ధైర్యమో ఈ పిట్టకి!" అన్నారు బైండింగువాళ్లు.

ధైర్యమట, పాడు ధైర్యం! అది కోటుని చూస్తోంది. ఆయనే అనుకుని చూస్తోంది.

కింద మూలన చిన్న అక్షరాల్లో మేస్త్రి పేరుంది. ఆయన కట్ట సర్ది, కోత కొలత పెట్టే గేజి అరంగుళం జరిపి, మిషను నొక్కాడు. కత్తి దిగింది. పేరున్న అంచు మొత్తం సన్నటి పీలికలుగా చెత్తబుట్టలో పడింది.

ఓనరు పరుగున వచ్చాడు. "మతుండే చేశావా మేస్త్రీ? నీ పేరు నువ్వే కోసేసుకున్నావేంటి?"

"కొలత తప్పింది సార్."

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదే!"

"ఇప్పుడు తప్పింది," అని మేస్త్రి రెండో కట్ట అందుకుని, గేజి ముట్టుకోకుండానే మిషను నొక్కాడు.