తగిలితేనే చెప్పాలి

మా అక్క కూతురు అమూల్య తన నర్సింగ్ పరీక్షకు పేషెంటుగా నన్ను తీసుకుపోతానన్న రోజు నుంచి నా నడకే మారిపోయింది. నాచారంలో ఇరవై రెండేళ్లుగా లేత్ మిషన్ మీద స్టీలు చెక్కుతున్నాను. ఇంతవరకు నన్ను పరీక్షకు రమ్మని పిలిచిన వాళ్లు లేరు. సూపర్‌వైజర్ని ఒక పూట సెలవడిగి, కటింగ్ చేయించుకుని, పెళ్లిళ్లకు దాచుకున్న చొక్కా తీశాను.

నరాలు, చూపు, వినికిడి, స్పర్శ, షుగరు, ఇవన్నీ ఒక మనిషిలో ఎలా ఉన్నాయో తల నుంచి కాలి దాకా చూసి రాయడమే ఆ పరీక్ష. ఇంటి దగ్గర నుంచి నలభై దాటిన మనిషిని ఒకరిని తెచ్చుకొమ్మన్నారట. పోయినసారి అమూల్య తప్పింది. అన్నీ బాగానే ఉన్నాయని పేషెంటు అంటే, సరిగా చూడకుండా అన్నీ బాగున్నాయని రాసి ఇచ్చిందట. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది. ఉప్పల్‌లో ఒక దవాఖానా వాళ్లు ఇస్తామన్న ఉద్యోగమూ పోతుంది. ఇంత విన్నాక చేతులు కట్టుకుని కూర్చునే మేనమామను కాను నేను. పిల్లను పాస్ చేయించే పూచీ నాదే అనుకున్నాను.

అమూల్య ఒక సాయంత్రం చిల్కానగర్ నుంచి వచ్చి, ఏమేం అడుగుతారో కొంత చేసి చూపించింది. వందలోంచి ఏడేడు తీసేస్తూ పోవాలి. మూడు మాటలు గుర్తుపెట్టుకుని, కాసేపాగి అడిగితే చెప్పాలి. మామిడిపండు, తాళంచెవి, బస్సు. కాళ్ల దాకా రాకుండానే పొద్దుపోయిందని వెళ్లిపోయింది. వారం రోజులు మిషన్ దగ్గర అవే మాటలు, అన్నం ముందు అవే మాటలు. నా భార్య పూర్ణిమ చివరికి గంటె పక్కన పెట్టేసింది.

"ఇంకొక్కపారి బస్సు అన్నవంటే నీకు కూర లేదు."

పరీక్షనాడు నాచారం నుంచి ఉప్పల్ దాకా షేర్ ఆటోలో లెక్క వల్లిస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన జరగగలిగినంత జరిగి కూర్చున్నాడు.

పరీక్ష గదిలో ఒక మంచం, ఒక బల్ల, బల్ల వెనక పద్మశ్రీ మేడమ్. మార్కులు వేసేది ఆవిడే. అమూల్య తన సామాను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంటోంది. "ఫికర్ జేయకు బిడ్డా, నేనున్న గద" అన్నాను చెవిలో. దాంతో లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టింది.

"మామ, ఇయ్యాల ఏం వారం?"

వారం, తేదీ, నెల, సంవత్సరంతో పాటు తిథి కూడా చెప్పాను. వందలోంచి ఏడు తీసెయ్యమంది. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అంటూ ఊపిరి తీసుకోకుండా రెండు దాకా దిగిపోయాను. మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు.

"మస్తు వచ్చు మీకు. ఇప్పుడు వారాలు ఎనక నుంచి చెప్పండి."

"అది మాకు చెప్పలే మేడమ్."

అమూల్య కళ్లు మూసుకుంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఎలాగో ఆదివారానికి చేరాను. ఈలోపు మేడమ్ మూడు మాటలు మార్చేసి గొడుగు, చెంబు, రైలు అని చెప్పించారు. కాసేపటి తర్వాత అడిగితే ముందుగా నా నోట్లోంచి మామిడిపండే వచ్చింది. నాలుక కరుచుకుని పాతవి మూడూ, కొత్తవి మూడూ కలిపి ఆరు చెప్పాను. మూడు అడిగిన చోట ఆరిచ్చాను కదా అని గర్వంగా ఉంది నాకు.

వాసన పరీక్షలోనూ నాదే పైచేయి. కళ్లు మూయించి ముక్కు దగ్గర ఏదో పెడితే, కాఫీపొడి అనీ, మూత సరిగా పెట్టక వాసన తగ్గిందనీ చెప్పాను. తర్వాత అమూల్య రబ్బరు సుత్తి తీసింది. మోకాలి కింద కొడితే కాలు ఎగరాలి. అంత చిన్న సుత్తిని నమ్మలేక, అది తగలకముందే కాలెత్తి తన్నాను. బల్ల మీది కాయితాలు మేడమ్ ఒళ్లో పడ్డాయి.

"నువ్వేం జేయకు మామ. ఊకె కూసో, చాలు" అంది అమూల్య, ఏడుపు ఆపుకుంటూ.

ఊరికే కూర్చోవడం నాకు చేతనైతే కదా.

చివరికి కాళ్ల దగ్గరికి వచ్చింది. చిన్న పిడికి బిగించిన నైలాన్ పోగు ఒకటి ఉంది, చేపల గాలపు దారంలా. దాన్ని పాదం మీద అక్కడక్కడ ఆనిస్తుందట. కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా తగిలిందనాలి. ఇంత తేలికైన ప్రశ్న వారమంతా ఎవరూ అడగలేదు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. తగిలింది. తగిలింది. తగిలింది. మిషన్ తిరిగినట్టు ఒకే వరసన పద్నాలుగు సార్లు అన్నాను.

పద్నాలుగైనా ఎవరూ ఆపమనకపోతే కళ్లు తెరిచాను.

"పది చోట్ల పెట్టాలె మామ. ఇప్పటిదాంక మూడే పెట్టిన."

మేడమ్ నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత ముఖం సరిచేసుకుని అమూల్యను అడిగారు. "మీ మామ తగిలిందంటుండు. నువ్వేం రాస్తవమ్మా?"

"స్పర్శ లేదని రాస్త మేడమ్."

నా ఒళ్లు మండిపోయింది. సెలవు పెట్టి, వారం రోజులు కష్టపడి వస్తే, నా కాలికే రోగం అంటగడుతుందా? "ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా? పొద్దుందాక ఇవే కాళ్ల మీద నిలబడి పని జేస్తున్న. పోయినసారి తప్పింది సాలదా? మంచిగున్నయని రాయి."

"పోయినసారి గట్లనే రాసి తప్పిన" అంది. అంతటితో ఆగలేదు. "నోరు మూసుకో మామ. పుట్టినప్పటి సంది నీ మాటే ఇంటున్న. ఇయ్యాల నీ కాలు చెప్పేదే ఇంట."

నేను ఎత్తుకుని పెంచిన పిల్ల. నోరు మూసుకున్నాను.

అమూల్య నా ఎడమ పాదం పైకి తిప్పి, మడమ దగ్గర నుంచి చిమటాతో పట్టి ఏదో లాగి అరచేతిలో పెట్టింది. సన్నని స్టీలు ముక్క, ఉంగరంలా చుట్టుకుని, మొనకు నెత్తురంటి ఉంది. అది నా మిషన్ మీద లేచిన ముక్కే, చూడగానే గుర్తుపట్టాను. నిన్న పనిలో దిగి ఉండాలి. దాని మీదే ఇంటికి నడిచాను, దాని మీదే ఆటో ఎక్కాను. వేలు పొడిచి షుగరు చూస్తే మూడు వందల పది ఉంది. నాకు షుగరుందని అప్పటిదాకా నాకే తెలియదు.

భయం వేసింది. ఊరికే చెప్పడం కాదు, నిజంగా వేసింది.

"ఇప్పుడన్న దొరికింది, మంచిదైంది" అన్నారు మేడమ్. "డాక్టరు దగ్గరికి పోండి. మందులు ఏసుకోండి, దినాం కాళ్లు చూసుకోండి. కానీ పరీక్ష ఇంకా అయిపోలే. అమూల్యా, మల్ల మొదటి నుంచి పెట్టు. మహిపాల్ గారూ, ఈసారి తగిలితేనే చెప్పండి. మీరు నిజం చెప్తేనే నేను మార్కులు ఏస్త."

తలూపి కళ్లు మూసుకున్నాను. ఈసారి ఒక్క అబద్ధం చెబితే ఒట్టు. నా ప్రాణమంతా అరికాళ్లలోకి తెచ్చుకుని కూర్చున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. బయట మెట్రో వెళ్లిన చప్పుడు విన్నాను. ఒక్కసారైనా తగలాలని, తగిలిందని చెప్పాలని ఎంత ఆశపడ్డానో. అమూల్య ఇంకా సర్దుకుంటోంది కాబోలు, భయపడినట్టుంది పిచ్చిపిల్ల, తొందరేముంది, మెల్లగా మొదలుపెట్టనీ అనుకుంటున్నాను.

"అయిపోయింది మామ. కండ్లు తెరువు."

తెరిచాను. "పది చోట్లా?" అన్నాను.

"పది చోట్లా."

మేడమ్ అమూల్య కాయితం మీద సంతకం చేస్తున్నారు. "పాసైనవమ్మా, ఇగ ఒకటో తారీకు ఆ ఉప్పల్ దవాఖాన్ల పనిల జేరు" అన్నారు. అమూల్య నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. కిందికి చూస్తే, నా కాలి వేళ్లు దాని గుప్పిట్లో ఉన్నాయి. ఎంతసేపటి నుంచి పట్టుకుని ఉందో నాకు తెలియదు.