గొడుగుల కంపెనీ ఏం చేయాలి?

మా చిట్టికి ఏదైనా పైకి చదివితేనే తలకెక్కుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఎక్కాలు చదివితే వీధి చివరి దాకా వినిపించేవి. ఇప్పుడు లారీల ఆఫీసులో పని చేస్తూ సాయంత్రాలు మేనేజ్‌మెంటు కోర్సు చదువుతోంది. అది పూర్తయితే ఆఫీసులో మేనేజరు కుర్చీ దానిది. కాకపోతే నిన్నగాక మొన్న చేరినవాడెవడో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. అందుకే పని నుంచి వచ్చీ రాగానే వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి, మా చెవులు చిల్లులు పడేలా చదువుతుంది.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, నా కూతురు చిట్టి, మా అక్క. చిట్టిని పెంచింది అక్కే. ఇంట్లో నోరు కూడా అక్కదే. నా వంతు మాటలు కూడా ఆమే మాట్లాడేస్తుంది కనుక నాకు పెద్దగా అవసరం పడలేదు.

ఆ సాయంత్రం నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. చిట్టి కొత్త కాగితాలు బయటికి తీసింది.

"ఇదేం పాఠమే?" అంది అక్క.

"పాఠం కాదత్తా, కేసు."

"అయ్యో, ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదు. కష్టాల్లో పడ్డ కంపెనీ కథ ఒకటి చెప్తారు. పెద్ద మేనేజరుకి ఏం చేయాలో తోచదు. కథ అక్కడ ఆపేస్తారు. ఏం చేయాలో, ఎందుకు చేయాలో మనం రాయాలి."

"బాగుందమ్మా. జీతం ఆయనకి, బుర్ర బద్దలు కొట్టుకోవడం మనకి."

చిట్టి నవ్వి చదవడం మొదలుపెట్టింది. అది గొడుగులు చేసే కంపెనీ అట. అసలు పేరు మార్చేశారట, ఇలాంటి వాటిలో ఉన్న పేరు వేయరట. పెద్ద మేనేజరు కిటికీ దగ్గర నిలబడి మబ్బుల వైపు చూస్తున్నాడు. పోటీ కంపెనీలు చవగ్గా అమ్ముతున్నాయి. గొడుగుల కంపెనీలు లోకంలో బోలెడు, నా తరగడం నేను తరుగుతున్నాను. అప్పుడు చిట్టి ఇలా చదివింది:

"పోటీ కంపెనీలు వందలో ఒక గొడుగును తడిపి చూస్తాయి. ఈ కంపెనీలో మాత్రం తయారైన ప్రతి గొడుగూ వాన గదిలోకి వెళ్లి రావలసిందే..."

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"అది మా కంపెనీ," అన్నాను.

అక్క పొయ్యి దగ్గర నుంచి గిరుక్కున తిరిగింది. "ఒరేయ్, మాట్లాడింది నువ్వేనా?"

వాన గది ఇంకెక్కడా ఉన్నట్టు నేను వినలేదు. పైకప్పు నిండా చిల్లులు పొడిచిన గొట్టాలు. మర తిప్పితే గది మొత్తం వాన. నేను పిడుల సెక్షనులో ఉండేవాణ్ణి. కర్రను ఆవిరి పెట్టెలో మెత్తబరిచి, అచ్చు చుట్టూ వంచి, తాడు బిగించి ఆరబెట్టడం నా పని. ఆ పిడులకు ఊచలూ గుడ్డా తగిలి గొడుగులయ్యాక అన్నీ వాన గదికి చేరేవి. అక్కడ మా ఆవిడ ఉండేది. గొడుగు విప్పి గొట్టాల కింద నిలబడేది. తల పైకెత్తి కుట్ల వెంట చూసేది. చుక్క కారితే అటు, కారకపోతే ఇటు. మళ్లీ ఇంకొకటి. మండు వేసవిలో కూడా తడి జుట్టుతో ఇంటికొచ్చేది. వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడి ఉండేవి. కంపెనీలో అందరూ ఆమెను వానపిల్ల అనేవారు. నన్ను మొద్దు అనేవారు.

చిట్టికి తల్లి అంటే గోడ మీది ఫోటో. అందులో జుట్టు పొడిగా, నున్నగా దువ్వి ఉంటుంది. అమ్మ ఎలా ఉండేదని అది ఊహ తెలిసినప్పటి నుంచీ అడిగేది. "మంచిది," అనేవాణ్ణి. అంతకంటే నోరు పెగిలేది కాదు.

ఇప్పుడది కాగితాలు పక్కన పెట్టి కుర్చీ నా వైపు లాక్కుంది. "ఇంకా చెప్పు నాన్నా."

ఆ వారమంతా చెప్పాను. అక్క ఊరుకుంటుందా, "వాన పడ్డా పడకపోయినా వీడి నోరు విప్పుకుందమ్మా," అని పొరుగింటి ఆవిడకు కూడా చెప్పింది.

ఆ కేసులో మేనేజరు ముందు మూడు దారులు పెట్టారు. మొదటిది, ఉన్నచోటే ఉండి ఖర్చులు తగ్గించుకోవడం. రెండోది, గుడ్డ సెక్షనునీ వాన గదినీ ఓడరేవు పట్నానికి తరలించి, పిడుల సెక్షను మూసేసి, ప్లాస్టిక్ పిడులు బయట కొనుక్కోవడం. మూడోది, మొత్తం అమ్మేసి చేతులు దులుపుకోవడం.

కథ అక్కడితో ఆగింది. తర్వాత ఏమైందో కాగితాల్లో లేదు. నాకు తెలుసు. రెండో దారిలో వెళ్లారు. మా ఆవిడ వెళ్లింది. నేను ఇక్కడే కోత మిల్లులో చేరాను. ఓడరేవు పట్నంలో ఆడవాళ్లకు హాస్టలు ఇచ్చారు గానీ కుటుంబాలకు చోటు లేదు. ఏడాది తిరక్కుండా ఇళ్లు కట్టిస్తామన్నారు, కట్టాక నేనూ పిల్లా వెళ్లాలని అనుకున్నాం. ఇళ్లకంటే ముందు వానాకాలం వచ్చింది. హాస్టల్లో జ్వరాలు. కబురంది నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఓడల్లో మడత గొడుగులు దిగాయి, ఆ కంపెనీ కూడా మూతపడింది.

చిట్టి అన్నీ రాసుకుంది. నాకు కావలసింది ఒకటే. అది మొదటి దారి రాయాలి. ఒక్క కాగితం మీదైనా మా ఆవిడ ఆ ఓడరేవు బస్సు ఎక్కకూడదు. పైకి అనలేదు గానీ చిట్టికి తెలియదా?

అలాగే రాసింది కూడా. కంపెనీ కదలకూడదు, కదిలితే కొత్త చోట మూతపడుతుంది, మడత గొడుగులు వచ్చి తుడిచిపెడతాయి, కార్మికులు జ్వరాల పాలవుతారు అని. చదివి వినిపించింది. ఇంకోసారి చదవమన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

వారం తిరిగేసరికి అది ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"వెనక్కిచ్చేశారు నాన్నా. మడత గొడుగులు వస్తాయని మేనేజరుకి ఆ రోజు ఎలా తెలుసు అని అడిగారు మాస్టారు. అందరి ముందూ, 'మీరు జాతకాలు కూడా చెప్తారా?' అన్నారు."

"నోరు చూడు ఆయనది," అంది అక్క.

"ఆయన తప్పేం లేదత్తా. కేసు రాసే పద్ధతే అది. ఎవరైనా నిర్ణయం తీసుకునే రోజుకే వెళ్లి నిలబడాలి. ఆ రోజుకి ఏం తెలుసో దాన్ని బట్టే చెప్పాలి. తర్వాత జరిగింది చూసి చెప్పడం దొంగాట. సోమవారం లోపు మళ్లీ పంపమన్నారు. ఈసారి తప్పితే ఏడాది పోయినట్టే."

ఆదివారం పొద్దున్నే బల్ల దగ్గర కూర్చుంది. బలాలు ఒక గడిలో, లోపాలు ఒక గడిలో రాసింది.

"ఇదేమిటే, సంబంధం చూస్తున్నావా?" అంది అక్క.

"అలాంటిదే. కాకపోతే ఈ పెళ్లికొడుక్కి అప్పులున్నాయి."

నవ్వినట్టే నవ్వింది గానీ నా వైపు చూడలేదు. రాస్తున్నకొద్దీ చెయ్యి నెమ్మదించింది. చివరికి పెన్ను కింద పెట్టింది.

"నాన్నా, మొదటి దారి నిలబడదు. గుడ్డ ఓడరేవులో దిగి, లారీలో ఇక్కడికొచ్చి, గొడుగై, మళ్లీ లారీలో అటే పోయేది. కొనేవాళ్లంతా అటే ఉన్నారు. నేను రోజూ చూసేది లారీల కిరాయే కదా. ఇది ఎవరు చూసినా వెళ్లమనే అంటారు."

"ఉండమని రాయి," అన్నాను.

"ఎందుకుండాలి? ఒక్క కారణం చెప్పు, రాస్తాను. ఆ రోజుకి తెలిసిన కారణం."

నాకున్న కారణాలన్నీ ఆ రోజు తర్వాతివే.

"వాళ్ల కంపెనీ, వాళ్ల లారీలు, నీకెందుకే అంత పట్టింపు?" అన్నాను. గొంతు పెరిగింది.

"తప్పని తెలిసి ఎలా రాయను? పరీక్ష నాది నాన్నా!"

"ఒరేయ్, దాని చదువు మధ్యలో నువ్వు మోకాలడ్డుతావేమిట్రా?" అని అక్క లేచింది. నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను.

వీధి మలుపు తిరిగానో లేదో చినుకులు మొదలయ్యాయి. తాళాల దుకాణం పంచన చేరాను. దారినపోయేవాళ్లు సంచుల్లోంచి మడత గొడుగులు తీసి టప్పుమని విప్పుతున్నారు. ప్లాస్టిక్ పిడులు, గుప్పిట్లో ఇమిడిపోయేవి. వాటిని చూస్తూ నిలబడ్డాను. ఆ మాస్టారి మీద కోపంగా ఉంది. ఆ రోజుకి వెళ్లి నిలబడాలట. తను నిలబడి చూశాడా ఎప్పుడైనా?

కోపంతోనే ప్రయత్నం చేశాను. తర్వాత తెలిసినవి ఒక్కొక్కటే పక్కకు నెట్టాను. మడత గొడుగులు పోనీ. మూతపడడం పోనీ. కబురు తెచ్చిన మనిషి ముఖం పోదే! చాలాసేపు పోలేదు. వాన పెరిగింది. దుకాణంవాడు, "లోపలికి రా పెద్దాయనా, తడుస్తున్నావు," అన్నాడు. నేను కదల్లేదు. చివరికి అదీ పోయింది.

అప్పుడు ఆమె గడపలోకి వచ్చింది.

తడి జుట్టుతోనే వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. "మొద్దూ, నన్ను అక్కడ వాన గదికి పెద్దని చేస్తారట," అంది. "అక్కడి గొట్టాల్లో వేడినీళ్లట! వేడినీళ్ల వాన ఎక్కడైనా విన్నావా?" అంటూ నవ్వింది. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. ఉయ్యాల్లో పిల్ల లేచి ఏడిస్తే, ఎత్తుకుని, "నీకూ పోయిస్తానే, నీకూ పోయిస్తా," అని గుండ్రంగా తిప్పింది. "వద్దంటావా?" అని నన్నడిగింది. వద్దంటానేమోనన్న భయం ఆ కళ్లలో లేదు. నాకూ వద్దనాలని లేదు. ఆమె మురిపెం చూసి నేనూ నవ్వాను.

ఇన్నేళ్లలో ఆ నవ్వు నాకు గుర్తుకు రాలేదు. ఎప్పుడు తలుచుకున్నా జ్వరమే ముందు వచ్చి తలుపు దగ్గర నిలబడేది. దాన్ని దాటి వెనక్కి వెళ్లడం నా చేత కాలేదు.

వాన తగ్గేదాకా ఆగకుండా ఇంటికొచ్చాను. చిట్టి బల్ల దగ్గరే ఉంది. ముందున్న కాగితం ఖాళీగా ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. అక్క తువ్వాలు నా నెత్తిన పడేసింది. "ముసలి ప్రాణం, తడిస్తే ఎవరు చేస్తారనుకున్నావు?"

"వెళ్లమని రాయి," అన్నాను.

"నా కోసం చెప్పకు నాన్నా. ఇంకేదైనా దారి చూస్తాను."

"నీ కోసం కాదే. మీ అమ్మ వెళ్లాలనుకుంది."

తల తుడుచుకుంటూ చెప్పాను. చెప్పడం నాకు చేతకాదు, ముందువి వెనక, వెనకవి ముందు చెప్పాను. గుండ్రంగా తిప్పిన సంగతి చెబుతుంటే చిట్టి, "నన్నా?" అంది, ఇంకెవరో పిల్ల ఉన్నట్టు.

"నిన్నే. ఏడుపు ఆపేశావు."

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి, "అవునే," అంది. "మర్నాడు నా దగ్గరికొచ్చి ఇదే చెప్పింది. వేడినీళ్లు, వేడినీళ్లు అని ఒకటే పాట. నేను తిట్టాను కూడా, వేడినీళ్ల కోసం ఊరు దాటిపోతావటే అని." తర్వాత ఇంకేం అనలేదు. మా ఇంట్లో అక్క మాట్లాడకుండా ఉన్నది నాకు తెలిసి అదే మొదలు.

చిట్టి ఆ మధ్యాహ్నమంతా రాసింది. పైకి చదవకుండానే రాసింది. సాయంత్రానికి కంప్యూటర్లో కొట్టి, మా ఇద్దర్నీ కూర్చోబెట్టి వినిపించింది. మేనేజరు ఇబ్బంది ఏమిటో చెప్పింది. మూడు దారులనూ కిరాయిలతో, జీతాలతో, రాబోయే సీజనుతో తూచింది. పిడుల సెక్షను దగ్గరికొచ్చేసరికి గొంతు కొంచెం తగ్గించింది. "పిడుల సెక్షనును మూసివేయక తప్పదు."

"మూసెయ్. ఆ ఆవిరి పెట్టె ఎప్పుడూ కారేది," అన్నాను.

అది నవ్వింది. చివరి పేజీ చదివింది. రెండో దారే మంచిది, గుడ్డ సెక్షనూ వాన గదీ ఈ సీజను ముగియగానే తరలించాలి. అదే ఆఖరి మాట. చదివి నా ముఖంలోకి చూసింది.

"పంపెయ్యనా నాన్నా? ఒక్క బటను నొక్కితే వెళ్లిపోతుంది."

కాగితంలో అప్పటికి ఇంకా సీజను ముగియలేదు. ఎవరూ సామాను సర్దుకోలేదు. గొట్టాల్లో చన్నీళ్లే వస్తున్నాయి.

"సోమవారం దాకా టైముందిగా," అన్నాను.

"ఉంది."

"అయితే ఇప్పుడే నొక్కకు. అన్నం తిన్నాక పంపు."

చిట్టి ఎందుకని అడగలేదు. కంప్యూటరు మూయకుండా, ఆ ఆఖరి పేజీ అలాగే ఉంచి, పక్కకు జరిపింది. ముగ్గురం అదే బల్ల మీద కంచాలు పెట్టుకున్నాం. చిట్టి తినేసింది. అక్క తినేసింది. నా కంచంలో సగం అలాగే ఉంది.

"ఏమిట్రా, మెతుకులు లెక్కపెడుతున్నావా ఇవాళ?" అంది అక్క.

ఇంకాస్త పెట్టమని కంచం ముందుకు జరిపాను.