ప్లగ్గులో ఎర్ర దీపం

కెనడాలోని సస్కచ్వాన్‌లో మైనస్ ముప్పై ఎనిమిది డిగ్రీలంటే ట్రక్కును కూడా చంటిపిల్లలా పడుకోబెట్టాల్సిన చలి. పొద్దువాలగానే బానెట్ కింద నుంచి వేలాడే తీగను గోడ దగ్గరి ప్లగ్గుకు తగిలించాలి. ఇంజన్‌కు అమర్చిన హీటర్ తెల్లవార్లూ దాన్ని వెచ్చగా ఉంచుతుంది. మరిచారో, పొద్దున తాళం తిప్పితే ఒక్క మూలుగు, అంతే. ఒరెస్ట్ హవ్రిల్యుక్ నలభై ఏళ్ళలో ఒక్కసారీ మరవలేదు. అయినా పోయిన మంగళవారం బండి మూలిగింది, నిన్న మంగళవారమూ మూలిగింది.

భార్య స్టెఫాకు మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. పొద్దున ఎనిమిదికల్లా డెబ్భై కిలోమీటర్ల అవతల ఆసుపత్రిలో ఉండాలి. పోయిన మంగళవారంలాగే నిన్నటిదీ తప్పిపోయింది. "వరసగా రెండోది కూడా తప్పితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, తర్వాత మా చేతుల్లో ఉండదు" అని నర్సు ఫోనులో తెగేసి చెప్పింది. రేపు గురువారం.

అనుమానం పెనుభూతం అంటారు. ఒరెస్ట్‌కు ఆ భూతం పేరూ తెలుసు, ఇల్లూ తెలుసు. పక్కింటి డెల్బర్ట్ ఫ్రీసెన్. నవంబర్లో తన వాకిట్లో మంచును యంత్రంతో ఎగజిమ్మి ఒరెస్ట్ దారికి అడ్డంగా పోశాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

తీగ చివర ప్లగ్గులో ఎర్ర దీపం ఉంది, కరెంటు ఉంటే వెలుగుతుంది. సాయంత్రం తగిలించినప్పుడు వెలిగేది. పొద్దున ఆరింటికి చూసినా వెలుగుతూనే ఉండేది. బానెట్ ఎత్తి చెయ్యి పెడితే మాత్రం ఇంజన్ వేళ్ళు అతుక్కునేంత చల్లగా ఉండేది. డెల్బర్ట్ రాత్రి వచ్చి ఊడబీకి, తెల్లారేలోగా మళ్ళీ తగిలించి పోతున్నాడనుకున్నాడు ఒరెస్ట్. మంచు మీద అడుగులు లేవు. ఊడ్చుకుంటూ వెనక్కి నడిచి ఉంటాడులే అని సరిపెట్టుకున్నాడు. సోమవారం సాయంత్రం ప్లగ్గుకు నల్లదారం చుట్టి ముడేశాడు. తెల్లారి చూస్తే ముడి వేసింది వేసినట్టే ఉంది, ఇంజన్ మాత్రం బిగుసుకుపోయింది. అయితే హీటరే దొంగది! అక్టోబర్లో దాన్ని బిగించింది డెల్బర్టే.

"పోనీలే ఒరెస్ట్," అంది స్టెఫా. "ఒక పూట ఇంట్లో ఉంటే ప్రాణం పోదుగా."

"పోతుందే! నర్సు చెప్పింది అదే కదా!"

బుధవారం చీకటి పడుతూనే తీగ తగిలించి, దీపం వెలగడం చూసుకుని, నేరుగా డెల్బర్ట్ వంటింట్లోకి వెళ్ళాడు.

"పాత హీటర్ బిగించి నన్ను ముంచావు కదరా!"

డెల్బర్ట్ చెంచా కింద పెట్టాడు. "మతి పోయిందా నీకు? అట్టపెట్టె నీ ముందే కదా విప్పాను."

"మంచు పోసినవాడివి, దేనికైనా తెగిస్తావు."

"ఆ మంచుకు తిట్టు, పడతాను. నిన్న పొద్దున నీ బండి మూలుగు విని నా బండి తీసి వేడి చేసి ఉంచాను, తెలుసా? అడుగుతావేమోనని ఈ కిటికీ దగ్గరే నిలబడ్డాను. నువ్వు స్టెఫానైనా పోగొట్టుకుంటావు గానీ, నన్ను అడగవు!"

డెల్బర్ట్ ఒరెస్ట్‌ను రెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి లాగాడు.

"అదిగో, వెలుగుతోంది. నేనిక్కడున్నాను, నువ్విక్కడున్నావు. ఇప్పుడు చెప్పు, నీ..."

దీపం ఆరిపోయింది.

ప్లగ్గు దగ్గర నరమానవుడు లేడు. వెలుతురున్నది ఒరెస్ట్ ఇంటి ముందు వసారా కిటికీలో ఒక్కచోటే. అక్కడ వేలాడే కోట్ల మధ్య చెయ్యి పెట్టి, ఊదారంగు స్వెట్టర్‌లో స్టెఫా ఒంగి ఉంది. ఆ కోట్ల వెనక గోడకు, బయటి ప్లగ్గు కోసం ముప్పై ఏళ్ళ కిందట ఒరెస్టే ఒక స్విచ్ బిగించాడు. ఎప్పుడూ ఆపే పని పడక, అదొకటుందన్న సంగతే మరిచిపోయాడు.

"వెళ్ళు," అన్నాడు డెల్బర్ట్ మెల్లగా. "అరవకు."

స్టెఫా బీట్‌రూట్ చారు గిన్నెల్లో పోస్తోంది. ఒరెస్ట్ ఇంటికొచ్చి కోట్లు పక్కకు తోశాడు.

"పొద్దున కాఫీ పెట్టబోయే ముందు ఈ స్విచ్ మళ్ళీ వేస్తావు కదూ?"

ఆమె గరిటె ఆగింది. "ఆరు కొట్టేముందు," అంది. "సూదులు లేని మంగళవారం ఒక్కటి కావాలనిపించింది. తర్వాత ఇంకొకటి కావాలనిపించింది."

"నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పలేదూ? ఎన్నిసార్లు చెప్పాను, అలిసిపోయానని! నువ్వు ఇంజన్ మూలిగితే వింటావు, నా మాట వినవు."

ఒరెస్ట్‌కు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కింటివాణ్ణి అనుమానించాడు గానీ, ఇంట్లో మనిషిని ఒక్క మాట అడిగింది లేదు. స్విచ్ వేశాడు.

"బండి వెచ్చగా ఉన్నంత మాత్రాన వెళ్ళి తీరాలని లేదు. వెళ్ళాలనిపిస్తే మాత్రం అది కదలాలి. పొద్దున వద్దనిపిస్తే నా మొహం మీదే చెప్పు, నేనే ఆపేస్తాను."

చారు చల్లారిపోయింది.

పొద్దున తీగ ఊడదీయకుండానే తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. హారన్ కొట్టలేదు. వసారా తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఐదు నిమిషాలయింది, పది నిమిషాలయింది. ఎదురుగా గోడ దగ్గర ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

తలుపు తెరుచుకుంది. స్టెఫా పెద్దకోటు వేసుకుని మంచులో నెమ్మదిగా నడిచి వచ్చింది. ట్రక్కు ముందు ఆగి, ఒంగి, తన చేత్తోనే ప్లగ్గు ఊడదీసింది. తీగను చుట్ట చుట్టి బానెట్ కిందికి దోపి, వచ్చి అతని పక్కన కూర్చుంది.

"డెల్బర్ట్‌ను నోటికొచ్చినట్టల్లా అన్నావా?"

"అన్నాను."

"తిరిగొచ్చాక క్షమాపణ చెబుదువుగాని. నేనూ వస్తాను. అసలు దొంగను నేనే కదా."