అర మిల్లీమీటరు

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గాని, అనేవాళ్ళెవరూ చెవుల్ని అడిగి ఉండరు, పదకొండేళ్ళుగా ఈ షెడ్డులో ఇంజన్ చప్పుడు విని ఏ వాల్వ్ వదులైందో చెప్పిన పెద్దకోడల్ని నేను, ఇప్పుడు మామయ్య కిటికీ పక్క బల్ల మీద కాగితం పరుచుకుని, పెళ్ళై ఏడాదైనా కాని చిన్నకోడలి ముందు బడిపిల్లాడిలా కూర్చున్నారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మరీ వింటున్నారు, నేను చెప్పేటప్పుడు ఆ కళ్ళజోడు ఎప్పుడైనా కదిలిందా, పోస్టుమాస్టరు గారి పాత కారుకి వాల్వుల్ని తెరిచి మూసే కామ్‌షాఫ్ట్ అరిగిపోయింది, కొత్తది ఏది వెయ్యాలో తేల్చింది ఆవిడగారే, ఇది లిఫ్ట్ మామయ్యగారూ, వాల్వ్ ఎంత లోతుకి తెరుచుకుంటుందో చెబుతుంది, ఇది డ్యురేషన్, క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేదాకా తెరిచి ఉంటుందో చెబుతుంది, గాలి వచ్చే వాల్వూ పొగ పోయే వాల్వూ కాసేపు రెండూ తెరిచే ఉంటాయి, ఆ కాసేపు ఎక్కువైతే బండి బయట రోడ్డు మీద దూసుకుపోతుంది గాని సిగ్నల్ దగ్గర ఆగితే జ్వరమొచ్చినట్టు వణుకుతుంది, ఊళ్ళో తిప్పుకునే కారుకి అది వద్దు, అంటోంది, ఎంత తేలిగ్గా అంటోంది, కొత్త కామ్ వచ్చే పెట్టెలో ఆ కాగితం ప్రతిసారీ ఉండేది, నేను పెట్టె మీద నంబరు సరిచూసుకుని కామ్ బిగించేదాన్ని, కాగితాన్ని టీ గ్లాసు కింద వేసేదాన్ని, మొదటి రెండేళ్ళూ డిగ్రీలంటే వేడి అనుకున్నాను, ఎవరితోనూ అనలేదు, అంటే నవ్వరూ.

భేష్ చిన్నమ్మాయ్ అన్నారు మామయ్య, ఆ భేష్ నా వీపు మీద చల్లటి నీళ్ళలా పడింది, నా చేతిలో వాల్వ్ ఉంది, దాన్ని అది కూర్చునే సీటు మీద పెట్టి, దానికి అతికించిన కర్రని రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ దొర్లిస్తూ అరగదీస్తున్నాను, ఎనిమిది వాల్వులకి ఇది మూడో రోజు, అరచేతులు ఇటుకల్లా అయ్యాయి, దీనికెవరూ భేష్ అనరు, రోజూ చేసేదానికి ఎవరంటారు, అన్నం వండినందుకు అంటారా, మా ఆయన పొద్దున అన్నాడు, నీకెందుకే ఆ పిల్ల మీద అంత కడుపుమంట, తను చదువుకుంది, తెలిసింది చెబుతోంది అని, కడుపుమంటా నాకా, నాకేం లేదు అన్నాను, అని గిన్నె ఎత్తి పడేశాను.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ భోజనానికి వెళ్ళాక కొత్త కామ్ ఇంజన్‌లోకి దించాను, నా అలవాటు నాది, పిస్టన్ నెత్తిన మెత్తటి బంకమట్టి ముద్ద అతికించి, వాల్వులున్న హెడ్ పైన పెట్టి, కామ్ ఎత్తితే వాల్వ్‌ని నొక్కే రాకర్లు సరిచేసి, పానాతో క్రాంక్ చేత్తో రెండు చుట్లు తిప్పాను, మళ్ళీ హెడ్ విప్పి, వాల్వ్ నొక్కిన చోట మట్టిని బ్లేడుతో కోసి మందం కొలిచాను, వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య మిగిలే సందు అదే, రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, అర మిల్లీమీటరు ఉంది, ఇంకోసారి కొలిచాను, అరే, చేత్తో తిప్పితే ఆ సందు చాలు, ఇంజన్ వేగం అందుకుంటే వాల్వ్ వెళ్ళి పిస్టన్‌ని గుద్దుతుంది, వాల్వ్ వంగుతుంది, పిస్టన్ చిట్లుతుంది, నాకు మొదట కలిగింది ఏమిటో నిజంగా చెప్పుకోవాలంటే సంతోషం, ఒళ్ళంతా వెచ్చగా పాకిన సంతోషం, పోస్టుమాస్టరు గారు కారుని తోయించుకొచ్చి ఈ గేటు ముందు నిలబెడతారు, మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, చిన్నది తల దించుకుంటుంది, నేను ఏమీ అనను, అనకపోవడంలోనే ఉంటుంది రుచి, ముద్దని పిడికిట్లో నలిపేస్తే అయిపోయె, నేను కొలిచినట్టు ఎవరికి తెలుసు, నలిపేదాన్నే, వేళ్ళు ముడుచుకున్నాయి కూడా, కానీ వంగేది నా వాల్వ్, మూడు రోజులు అరచేతుల్లో దొర్లించిన వాల్వ్, బిగించే ముందు వెలుతురుకి ఎత్తి చూస్తే అంచున బూడిదరంగు గీత సన్నగా, ఎక్కడా తెగకుండా, అంత నున్నగా నాకు ఇదివరకెప్పుడూ కుదరలేదు, దాన్ని చేతులారా చంపుకోనా, ఆ పిల్ల మీద కోపానికి.

బిగించేద్దామా పెద్దమ్మాయ్ అంటూ మామయ్య వచ్చారు, వెనకాల చిన్నది, నేను పిడికిలి విప్పి ముద్ద చూపించాను, అర మిల్లీమీటరే ఉంది, తగులుతుంది అన్నాను, అలా ఎలా తగులుతుందక్కా, పాతదాని లిఫ్ట్ తొమ్మిది, దీనిది ఏడేగా, అని కాగితం తీసింది, ఇప్పుడు వాదిస్తుంది అనుకున్నాను, లెక్కలతో నా నోరు మూయిస్తుంది, నేనూ సిద్ధమయ్యాను, ఆ తొమ్మిది వాల్వ్ దగ్గరిది, ఈ ఏడు కామ్ దగ్గరిది, మధ్యలో రాకర్ ఉందిగా, దాని చేతులు సమానం కాదు, ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు, కామ్ ఏడు ఎత్తితే వాల్వ్ పదిన్నర దిగుతుంది, అన్నాను, నా గొంతు నాకే గట్టిగా వినిపించింది, ఆమె కాసేపు రాకర్ వంక చూసింది, అయ్యో, ఆ ఏడు వాల్వ్‌దే అనుకున్నానక్కా, రాకర్ సంగతి నాకు తెలీదు, ఈ మట్టితో కొలవడమూ తెలీదు, మళ్ళీ ఒకసారి చేసి చూపిస్తావా, అని స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది, చెయ్యి చాపింది ముద్ద కోసం, మామయ్య ముందే అంది, మొహం ఎర్రబడలేదు, గొంతు తగ్గలేదు, నాకు తెలీదు అని, టైమెంతైందో అడిగినంత మామూలుగా, మామయ్యేమో నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు, అయితే చిన్న లిఫ్ట్‌ది తెప్పిద్దాం, నువ్వు చూపించు పెద్దమ్మాయ్, నేనూ చూస్తా అని కళ్ళజోడు సవరించుకున్నారు, నేను మట్టిని మళ్ళీ గుండ్రంగా చేస్తున్నాను, ఆమె వేళ్ళు నా వేళ్ళ వెంటే కదులుతున్నాయి, ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది ఆమెకు తెలిసినదాన్ని చూసి అనుకున్నాను, కాదు, నాకు తెలీదు అనే మాట అనడం ఆమెకు వచ్చు, పదకొండేళ్ళలో ఈ షెడ్డులో ఆ మాట నేను ఒక్కసారీ అనలేదు, అని ఉంటే మామయ్య తనకు తెలిసింది నాకూ చెప్పేవారే.