పంచదార వద్దని చెప్పు

"ఎవరింటికెళ్ళినా టీలో పంచదార వద్దని చెప్పు, మర్చిపోకు."

అబ్బాసియాలో మనవాళ్ళ ఇళ్ళకి ఎప్పుడు బయల్దేరినా, చెప్పులు వేసుకుంటూ మా ఆయన బుల్లిరాజు నాకు చెప్పే మాట ఇది. నాకు షుగర్ లేదు. ఆ జబ్బు మా అత్తగారు చంద్రావతిగారిది. ఆవిడ కువైట్ చూసి వెళ్దామని అమలాపురం నుంచి విజిట్ వీసా మీద వచ్చి, వీసా పొడిగించుకుంటూ ఉండిపోయారు. విజిట్ మీద వచ్చినవాళ్ళకి మేమిద్దరం పనిచేసే కంపెనీ మందుల కార్డు ఇవ్వదు. కార్డు నాకుంది కాబట్టి ఆవిడ జబ్బు నా పేరు మీదకి వచ్చింది. పరీక్షకి పట్టుకెళ్ళిన మూత్రం ఆవిడది, సీసా మీద చీటీ నాది. క్లినిక్‌లో మందులిచ్చే మిస్రీ పెద్దాయన, అంటే ఈజిప్టు ఆయన, నెలనెలా మాత్రలిస్తూ, "ఇంత చిన్న వయసులో సుక్కర్ ఏమిటమ్మా, తీపి తగ్గించు" అని మందలించేవాడు. నేను బుద్ధిగా తలూపేదాన్ని. అసలు సంగతి కంపెనీవాళ్ళ చెవిన పడకూడదని ఊరందరి ముందూ చప్పటి టీ తాగేదాన్ని. పక్కనే కూర్చుని అత్తగారు తియ్యటి టీ ఊదుకుంటూ తాగేవారు.

ఆయన కార్డు మీదే వాళ్ళమ్మకి రాయించొచ్చు కదా అని ఒక్కసారి అడిగాను. "నా ఫైల్లో షుగర్ అని పడితే ఉద్యోగం ఉంటుందేంటే? నీకేం, గుండ్రాయిలా ఉన్నావు" అన్నారు. 

ఇందులో నవ్వొచ్చే సంగతి ఇంకొకటుంది. షువైఖ్‌లో అదే కంపెనీ ఆఫీసులో నా పనే అది. పనివాళ్ళకి ఏ కార్డు తీసుకోవాలో చెప్పడం. డాక్టరు చూడ్డానికి మాత్రమే పనికొచ్చే ఉత్త కార్డు ఒకటి, మందులు కూడా ఇచ్చేది ఒకటి. రెండోదానికి జీతంలో కాస్త కోత ఎక్కువ. వయసు మళ్ళిన మేస్త్రీలు, డ్రైవర్లు ఆ కోత చూసి వెనకాడేవారు. "ఇవాళ బాగానే ఉన్నామని ఉత్త కార్డు తీసుకోకండి, మీ కార్డు రూమ్‌మేట్‌కి కూడా ఇవ్వకండి, మీ జబ్బు మీ పేరు మీదే ఉండాలి" అని గొంతు నొప్పెట్టేలా చెప్పేదాన్ని. ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులు, అని నాలో నేను అనుకునేదాన్ని.

మెట్లెక్కితే నాకు ఆయాసం. ఇంట్లో చెబితే, "ఆయాసం కూడా ఒక రోగమేనా, మీ ఇంట్లో పనీపాటా నేర్పలేదు" అని అత్తగారు. కిందటేడు ఆయనకి చెప్పకుండా ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చింది. అప్పుడే గుండె కవాటం పాడయిందన్నాడు. ఒక్కరోజు కూడా మానొద్దని మాత్రలు రాశాడు. గుండ్రాయికి గుండె జబ్బు. ఒక కార్డు మీద ఒక్క జబ్బుకే మందులిస్తారు. నా కార్డు మీద షుగర్ ఉంది కదా, ఇక దీనికి చోటెక్కడ? కూరల డబ్బుల్లో మిగిల్చి బయట కొనుక్కునేదాన్ని, వంటింట్లో బియ్యం డబ్బా వెనక దాచుకునేదాన్ని. కొనుక్కోలేని వారం మానేసేదాన్ని.

ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. కంపెనీ మూతపడింది. షాపులు కొన్ని దోచుకుపోయారు, కొన్ని మూసేశారు. లిఫ్టు ఆగిపోయింది. మూడో అంతస్తుకి నీళ్ళు ఎక్కించడం నా వంతు, ఎందుకంటే ఆయన బస్సుల కోసం తిరగాలి. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరితే అక్కణ్ణుంచి ఇండియాకి విమానాలున్నాయని అందరూ మూటలు కట్టుకుంటున్నారు. బియ్యం డబ్బా వెనక నా మాత్రలు అయిపోయాయి. పక్క మీద వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీస్తున్నాను. 

ఆఫీసు లేకపోయినా పనివాళ్ళు నన్ను వెతుక్కుంటూ ఇంటికే వచ్చేవారు. ఏ మందు మానొచ్చు, ఏది మానకూడదు అని అడగడానికి. బయల్దేరే ముందురోజు పొద్దున, నేను నీళ్ళ క్యాను మోసుకుంటూ మెట్లెక్కుతుంటే వెనకే రామసుబ్బయ్యగారు వచ్చారు. కడపవైపు పెద్దమనిషి, కంపెనీలో తాపీమేస్త్రీ, బీపీ ఉంది. మందుల కార్డు ఆయనచేత నేనే తీయించాను. 

"క్లినిక్కు ఈ పొద్దు ఒక్కదినమే తీస్తారంటమ్మా. కార్డుకు ఒగటే మందు ఇస్తారంట. తర్వాత ఖలాస్. నాకు రెండు రకాల బిళ్ళలుండాయి గదా, ఏది తెచ్చుకునేది?"

ఆయన చీటీ చూసి, ఏది తప్పనిసరో చెప్పాను. "రోజూ వేసుకోండి బాబాయ్‌గారూ. దారిలో ఎవరడిగినా ఇచ్చేయకండి."

ఆయన నా చేతిలోంచి క్యాను తీసుకుని గుమ్మం దాకా మోశారు. "నేను ముసిలోన్ని, ఎగపోస్తే ఒక అర్థముండాది. నువ్వేందమ్మా నాకంటే జాస్తిగా ఎగపోస్తాండావు? మాకందరికీ సెప్తావే, మరి నీ మందు యాడుంది?"

పెళ్ళయ్యాక నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి లేడు. ఏడుపొచ్చింది. నీళ్ళు బిందెలో పోస్తూ, ఆయన చూడకుండా ఏడ్చాను.

క్లినిక్‌కి అత్తగారు కూడా వచ్చారు. ఎండలో వరసలో నిలబడ్డాం. ఊళ్ళో కొబ్బరికాయల బేరాల దగ్గర్నుంచి ఆవిడ ఏవో కబుర్లు చెబుతున్నారు గాని, నా చెవికెక్కలేదు. షుగర్ మాత్రలు మానితే ఏమవుతుందో నాకు తెలుసు. దారిలో దొరికేది రొట్టే, జామూ. ఎన్నాళ్ళ ప్రయాణమో తెలియదు. నావి మానితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆఫీసులో నా ఎదురుగా ఎవరైనా కూర్చుని ఈ రెండింటిలో ఏది అని అడిగితే, ముందు ఆ కార్డు ఎవరిది అని అడిగేదాన్ని.

మిస్రీ పెద్దాయన నన్ను చూడగానే షుగర్ మాత్రల పెట్టె అందుకున్నాడు. నేను డాక్టరు చీటీ ముందు పెట్టాను.

"ఇది గుండెకి. మరి సుక్కర్?" అన్నాడు.

"నాకు సుక్కర్ లేదు. ఎప్పుడూ లేదు."

ఆయన నా వంకా, నా వెనకున్న అత్తగారి వంకా చూశాడు. పెట్టె లోపల పెట్టేసి, గుండె మాత్రలు లెక్కపెట్టి ఇచ్చి, కార్డు మీద ముద్ర కొట్టాడు. అత్తగారికి మాట అర్థం కాకపోయినా, పెట్టె వెనక్కి వెళ్ళడం కనబడింది. "అదేంటే దుర్గా, నా మాత్రలు?" అన్నారు. దారంతా ఆవిడకి చెప్పుకుంటూ వచ్చాను. జ్వరం సంగతి, కవాటం సంగతి, బియ్యం డబ్బా సంగతి. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని కూడా అనిపించింది. 

ఆయన సాయంత్రం బస్సులో చోటు సంపాదించుకుని వచ్చారు. "అమ్మ మాత్రలు తెచ్చావా?"

"లేదండీ. నా మాత్రలు తెచ్చుకున్నాను." 

చీటీ చూపించాను. చదవకుండా మంచం మీద పడేశారు. "మా అమ్మని దారిలో చంపుదామనా?"

"మీ కార్డు ఉందిగా. క్లినిక్ ఇంకా మూయలేదు. వెళ్ళి షుగర్ నాకే అని చెప్పండి. పోడానికి ఉద్యోగం కూడా లేదిప్పుడు."

ఆయన గోడవైపు చూస్తూ, "నా కార్డు పొద్దున్నే వాడేశాను. కడుపులో మంట తగ్గట్లేదని" అన్నారు.

అత్తగారు మూట కడుతున్నావిడల్లా ఆగారు. "పొద్దున క్లినిక్‌కి వెళ్ళావా? మరి అక్కడ నేను గుర్తుకి రాలేదేంట్రా?"

"దుర్గ ఎలాగూ తెస్తుందిగా అనుకున్నానమ్మా."

ఆ మాటకి ఆవిడ ముఖం చూడలేకపోయాను. కొడుకు మీద కోపం కాదది. తను ఎవరి పేరు మీదా లేదని ఆ వయసులో తెలుసుకున్న ముఖం. నన్ను అన్నేసి మాటలన్న మనిషే, అయినా ఆవిడ చేతిలో మూట తీసుకుని నేను కట్టాను. నా మాత్రలు మాత్రం కొంగున ముడేసుకున్నాను. ఆ ముడి ఇక ఎవరి కోసమూ విప్పను.

వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. డబ్బాలో అడుగున మిగిలిన పంచదార దాచుకునే పని లేదు, తెల్లారితే ఇల్లే వదిలేస్తున్నాం. రెండు గ్లాసుల్లో వేశాను. మూడోది చప్పగా అత్తగారికిచ్చాను.

"అత్తయ్యగారూ, దారిలో ఎవరు టీ ఇచ్చినా పంచదార వద్దని చెప్పండి. మర్చిపోకండి. జాము ముట్టుకోకండి, ఉత్త రొట్టె తినండి. నేను పక్కనే ఉంటాను."

ఆవిడ ఒక గుక్క తాగి, గ్లాసు దించి నా వైపు చూశారు. 

"ఇన్నాళ్ళూ ఇదెలా తాగావే?"

నా గ్లాసు ఎత్తాను. అలవాటు తప్పిన నోటికి తీపి మరీ ఎక్కువై వెగటుగా అనిపించింది. అయినా చివరి చుక్కదాకా తాగాను.